దేవుడు క్షమించాడని నమ్మినా మనసులో బరువు ఎందుకు దిగదు? ఫ్రాయిడ్, పౌలు, మన సంఘాలు

వశిష్ఠ_ఒడ్డు (నరసాపురం)

అందరికీ వందనాలు, నమస్కారాలు. నేను భీమవరంలో కౌన్సెలింగ్ పని చేస్తాను. పుట్టి పెరిగింది లూథరన్ సంఘంలో. చాలా రోజులుగా మనసులో ఉన్న విషయం ఇక్కడ పెడుతున్నాను. మనోవిశ్లేషణ (మనిషికే తెలియని మనసు పొరల్ని మాటల ద్వారా పట్టుకునే పద్ధతి) చదివినవాళ్ళూ, వాక్యం బాగా తెలిసినవాళ్ళూ ఇద్దరూ మాట్లాడాలి.

నా దగ్గరికి వచ్చేవాళ్ళలో కొందరు దాదాపు ఒకే మాట అంటారు: "దేవుడు క్షమించేశాడని తెలుసండి. కానీ లోపల ఎవరో వదలట్లేదండి." ఒకే పాపాన్ని ఏళ్ళ తరబడి ఒప్పుకుంటూ ఉంటారు. ఉపవాస ప్రార్థనలో ఒప్పుకుంటారు, ప్రభువు బల్లకి ముందు ఒప్పుకుంటారు, సంఘానికి కొత్త అయ్యగారు వస్తే ఆయన దగ్గర మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడతారు. ఆదివారం కాస్త తేలికపడతారు. సోమవారానికి మళ్ళీ అదే టెన్షన్.

బైబిల్‌లోని రోమా పత్రిక 7వ అధ్యాయంలో అపొస్తలుడు పౌలు చెప్పే మనిషినీ, మనోవిశ్లేషణ మొదలుపెట్టిన ఫ్రాయిడ్ చెప్పే మనిషినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఇద్దరూ ఒకరే అనిపిస్తారు. చేయాలనుకున్న మంచి చేయలేడు, వద్దనుకున్నదే చేస్తాడు, ఎందుకు చేస్తున్నాడో తనకే తెలియదు. అహం, అంటే "నేను" అనుకునే మనసు, తన సొంత ఇంట్లో కూడా యజమాని కాదని ఫ్రాయిడ్ 1917లో రాశాడు. పౌలు తనలో నివసించే పాపం అన్నాడు. "అనుకుంటే ఏదైనా సాధించవచ్చు" అని చెప్పే ఇప్పటి మోటివేషన్ ప్రసంగాలకి, వాటిని అలాగే ప్రసంగ పీఠం మీదికి తెచ్చే బోధలకి ఈ ఇద్దరూ వ్యతిరేకమే.

తేడా వచ్చేది మందు దగ్గర. సంఘం క్షమాపణ ప్రకటిస్తుంది. మనోవిశ్లేషణ క్షమించదు, వింటుంది. నా అనుమానం ఏమిటంటే, నా దగ్గరికి వచ్చేవాళ్ళని లోపల కూర్చుని శిక్షిస్తున్నది దేవుడు కాదు. ఫ్రాయిడ్ సూపర్ ఈగో అన్నాడే, అది. చిన్నప్పుడు అమ్మానాన్నల దగ్గర, పెద్దవాళ్ళ దగ్గర పడ్డ భయం లోపలికి వెళ్ళి న్యాయమూర్తి అయి కూర్చుంటుంది. దేవుడి పేరు మీద తీర్పు చెబుతుంది. సిలువ దగ్గర దొరికిన క్షమాపణని అది లెక్కలోకి తీసుకోదు. మీరేమంటారు?

కాకినాడ_హేతువాది

మేడమ్, మీరు రోగాన్ని చక్కగా పట్టుకున్నారు. కానీ దాన్ని పెంచి పోషిస్తున్నది ఎవరో చెప్పకుండా దాటేశారు. ఫ్రాయిడ్ 1907లోనే మతాచారాలకీ, ఒకే పనిని పదేపదే చేయించే మానసిక వ్యాధికీ పోలిక చూపించాడు. 1927లో ఒక పుస్తకం రాసి, మతం నిస్సహాయుడైన పిల్లవాడు తండ్రి కోసం పడే ఆరాటం అన్నాడు. వారం వారం "నువ్వు పాపివి" అని చెప్పే చోటికి వెళ్ళి, నేను పాపినన్న బాధ ఎందుకు పోవట్లేదని అడగడంలో అర్థం ఏముంది? ముందు ఆ చోటు నుంచి బయటికి రావాలి. నేను ఇది ఎవరినీ తక్కువ చేయడానికి అనట్లేదు. మా అమ్మ చివరి రోజుల్లో నరకం భయంతో నిద్రపోలేదు. జీవితంలో ఒక్కరికి కూడా అన్యాయం చేయని మనిషి.

లూథర్‌గిరి_పాతవాడు (రాజమండ్రి)

అమ్మాయ్, నేను రిటైరైన పాస్టర్‌ని. హేతువాది గారి తల్లిగారి మాట చదివి బాధపడ్డాను. అలాంటి పడకల పక్కన నేనూ కూర్చున్నాను.

అయితే సంఘానికి ఈ జబ్బు తెలియదని అనుకోవద్దు. మన లూథరన్ సంఘానికి మూలపురుషుడైన లూథర్ మఠంలో ఉన్న రోజుల్లో గంటల తరబడి పాపాలు ఒప్పుకునేవాడు. బయటికి వెళ్ళగానే ఇంకోటి గుర్తొచ్చి వెనక్కి వచ్చేవాడు. ఆయన పెద్దాయన స్టౌపిట్జ్‌కి ఓపిక నశించేది. లూథర్ బయటపడింది ఇంకా లోతుగా తన లోపలికి తవ్వుకుని కాదు. 1515-16లో రోమా పత్రిక మీద చెప్పిన పాఠాల్లో పాపి అంటే తన మీదికి తానే వంగిపోయినవాడు అన్నాడు. అలా వంగిన మనిషి లోపలికి చూసినకొద్దీ ఇంకా వంగుతాడు. అందుకే మాట బయటి నుంచి రావాలి, ఇంకొకరి నోట రావాలి. మీ మనోవిశ్లేషణ మనిషిని మళ్ళీ తన లోపలికే తోస్తుంది కదా, అదే నా భయం.

జర్మన్ పాస్టర్ బోన్‌హోఫర్ తండ్రి బెర్లిన్‌లో పేరున్న మానసిక వైద్యుడు. ఆ ఇంట్లో పెరిగినవాడే 1939లో అచ్చయిన పుస్తకంలో, సిలువ కింద బతికే సామాన్య విశ్వాసికి మనిషి హృదయం గురించి తెలిసినంత గొప్ప మనస్తత్వవేత్తకి కూడా తెలియదని రాశాడు.

వశిష్ఠ_ఒడ్డు

అయ్యగారూ, బోన్‌హోఫర్ మీద గౌరవం ఉంది కానీ ఆ మాట ఒప్పుకోలేను. సిలువ కింద బతికే విశ్వాసులే ఓసీడీ (ఒకే ఆలోచన, ఒకే పని పదేపదే వెంటాడే మానసిక వ్యాధి) ఉన్న మనిషికి "నీకు విశ్వాసం చాలట్లేదు, ఇంకో మూడు రోజులు ఉపవాసం ఉండు" అని చెప్పడం నేను చూశాను. వాళ్ళది ప్రేమే. కానీ ఆ ప్రేమ వల్లే ఆ మనిషి తిండి మానేసి ఆసుపత్రి పాలయ్యాడు.

ఇంకో మాట. విశ్లేషణలో మనిషి ఒంటరిగా లోపలికి చూసుకోడు. అక్కడా ఇంకొకరు ఉంటారు. మన నోట మనం వినలేని మాట వాళ్ళ చెవికి వినపడుతుంది. మీరు చెప్పిన "బయటి నుంచి" అన్నది అక్కడా ఉంది.

నిర్మల_తణుకు

మేము కథోలికులం. పాపసంకీర్తనానికి, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి, చిన్నప్పటి నుంచి వెళ్తున్నాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

ఏడాదికి ఒక్కసారైనా పాపసంకీర్తనం చేయాలని 1215లో మా సంఘం లాతరన్ మహాసభ నియమం పెట్టింది. అంటే ఇలా అతిగా మథనపడేవాళ్ళని గురువులు వందల ఏళ్ళుగా చూస్తూనే ఉన్నారు. అందరికన్నా బాగా గుర్తుండేది యేసు సభ స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలా. 1522లో స్పెయిన్‌లోని మన్రేసాలో ఉన్నప్పుడు పాత పాపాలన్నీ రాసుకుని మరీ ఒప్పుకున్నాడు. అయినా ఏదో మిగిలిపోయిందన్న అనుమానం వదల్లేదు. తన గదిలో ఉన్న పెద్ద గోతిలోకి దూకేయాలన్న ఆలోచన కూడా వచ్చింది. "స్పష్టంగా గుర్తున్న పాపాలు తప్ప పాతవి మళ్ళీ చెప్పొద్దు" అని గురువు ఆజ్ఞ ఇచ్చాడు. పాపం, ఆయనకి అన్నీ స్పష్టంగానే కనిపించాయి! అందుకని అది పని చేయలేదు. చివరికి పాత పాపాలు ఇక ఎప్పుడూ ఒప్పుకోకూడదని ఆయనే నిర్ణయం తీసుకున్నాడు. అప్పుడు వదిలింది.

కాబట్టి, ఒప్పుకోలు కూడా జబ్బులో భాగం కావచ్చని మా సంప్రదాయానికి తెలుసు. మళ్ళీ ఒప్పుకోవద్దని చెప్పడం కూడా కాపరి పనే.

ఫ్రాయిడ్ 1926లో ఒక తేడా చెప్పాడు, అది నాకు నచ్చింది. పాపసంకీర్తనంలో మనిషి తనకి తెలిసింది చెబుతాడు. విశ్లేషణలో అంతకన్నా ఎక్కువ చెప్పాలి, అంటే తనకే తెలియనిది కూడా. ఈ రెండూ వేరు వేరు పనులు. ఒకదాని చోట ఇంకోటి పెడితేనే చిక్కు.

యానాం_చదువరి

మంచి చర్చ. ఒక చేర్పు.

తొలినాటి సంఘ పెద్ద అగస్టీన్ తన ఒప్పుకోలు గ్రంథం మొదటి భాగంలో ఒక పసివాణ్ణి చూపిస్తాడు. వాడికి ఇంకా మాటలు రావు. తనతో పాటు అదే పాలు తాగే ఇంకో బిడ్డని చూసి ముఖం పాలిపోయి, కసిగా చూస్తాడు. పసితనం అమాయకత్వం కాదు, శరీరం బలహీనం అంతే అంటాడు అగస్టీన్. జన్మపాపం ఆయనకి సిద్ధాంతంగా కాదు, ఉయ్యాల్లో కంటికి కనిపించింది. ఫ్రెంచ్ విశ్లేషకుడు లకాన్ 1938 నుంచి ఈ ఘట్టాన్ని పదేపదే ఎత్తి చూపించాడు. మనిషి కోరిక ఎదుటివాడి చేతిలో ఉన్నదాన్ని చూసి పుడుతుంది అనడానికి ఆయనకి ఇదే సాక్ష్యం.

అదే లకాన్ 1959-60 పాఠాల్లో రోమా 7లోని మాటలని, "పాపం" ఉన్న చోట తన సొంత పదం పెట్టి చదివి వినిపించి, ఆ తర్వాత ఇది పౌలు రాసింది అని చెప్పాడు. ధర్మశాస్త్రం వద్దన్నందుకే ఆశ రగులుతుందన్న పౌలు మాట విశ్లేషణకి అంత దగ్గర. లకాన్‌కి దేవుడి మీద నమ్మకం లేదు. ఆయన సొంత తమ్ముడు మాత్రం బెనెడిక్టిన్ సన్యాసి.

హేతువాది గారూ, అందుకే చోటు మారిస్తే సరిపోతుందన్న మీ మాట నాకు ఎక్కట్లేదు. సంఘం మానేసినవాళ్ళని నేను ఎరుగుదును. లోపలి న్యాయమూర్తి వాళ్ళతో పాటే బయటికి వచ్చాడు. ఇప్పుడు డబ్బు గురించీ, పిల్లల మార్కుల గురించీ తీర్పు చెబుతున్నాడు.

ముమ్మిడివరం_రైతు

నాకు ఇన్ని పుస్తకాలు తెలియవండి. 1996 నవంబరు 6 తుఫాను నాకు తెలుసు. మా వైపు కొబ్బరి తోటలు తోటలే పోయాయి. వెయ్యి మందికి పైగా చనిపోయారు. భైరవపాలెం వైపు వేటకెళ్ళిన వాళ్ళు ఎందరో వెనక్కి రాలేదు. తర్వాత ఊరూరా ఒకటే మాట: ఏ పాపం చేశామో. బయటి ఊరి నుంచి వచ్చిన ఒక ప్రసంగీకుడు కూటంలో నిలబడి ఇది మీ పాపఫలమే అన్నాడు. మా మేనత్త కొడుకు వేటకెళ్ళి పోయాడు. ఆవిడ ఆ కూటంలోనే కూర్చుని ఉంది. అప్పటి నుంచి ఆవిడ తన వల్లే కొడుకు పోయాడని నమ్మి బతికింది. ఎందుకంటే ఆ వారం గుడికి వెళ్ళలేదట. దీనికి మీ ఫ్రాయిడ్ ఏమంటాడు?

వశిష్ఠ_ఒడ్డు

బాబాయ్ గారూ, సరిగ్గా దీని గురించే ఆయన 1930లో రాశాడు. మనిషికి రోజులు బాగున్నంత కాలం మనస్సాక్షి మెత్తగా ఉంటుంది. కష్టం రాగానే తనలో పాపం వెతుక్కుంటాడు, తనకి తాను శిక్షలు వేసుకుంటాడు. అయినవాళ్ళు పోయినప్పుడు ఇది మరీ ఎక్కువ. కారణం లేని చావు కన్నా నా తప్పు వల్ల వచ్చిన చావే మనసుకి భరించడం తేలిక, అనిపిస్తుంది నాకు. తప్పు నాదైతే కనీసం లోకం నా చేతిలో ఉన్నట్టు ఉంటుంది.

కానీ యేసు మాట ఇంకా సూటిగా ఉంది. సిలోయము గోపురం కూలి పద్దెనిమిది మంది చచ్చిపోతే, వాళ్ళు మిగతావాళ్ళ కన్నా పాపులనుకుంటున్నారా, కాదు అన్నాడు. పుట్టు గుడ్డివాడి విషయంలో ఎవరి పాపం అని శిష్యులు అడిగితే, వీడిదీ కాదు, కన్నవాళ్ళదీ కాదు అన్నాడు. ఆ ప్రసంగీకుడు లూకా 13 చదవకుండా కూటానికి వచ్చాడు. మీ అత్తగారికి ఆ మాట ఒక్కరు చెప్పి ఉండాల్సింది.

రాజోలు_అక్క

రోజూ చదువుతున్నా, ఈరోజు రాస్తున్నా. నేను కువైట్‌లో ఇళ్ళలో పని చేసి వచ్చాను. వెళ్ళేటప్పుడు బాబుకి రెండేళ్ళు. మా అమ్మ దగ్గర వదిలి వెళ్ళాను. మొదటిసారి సెలవుకి వచ్చినప్పుడు పెట్టె విప్పి బొమ్మ కారు ఇచ్చాను. వాడు కారు తీసుకుని మా అమ్మ వెనక్కి వెళ్ళి నిలబడి, ఆమె చీర కొంగు పట్టుకుని "ఈ ఆంటీ ఎప్పుడు వెళ్తుందమ్మా" అని అడిగాడు. అమ్మా అని పిలిచింది మా అమ్మని. ఆ డబ్బుతోనే ఇల్లు కట్టాం, వాడు ఇంజనీరింగ్ చదివాడు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం. ఫోన్ చేస్తే మర్యాదగా మాట్లాడతాడు, అంతే. నేను ఈ పాపం ఎన్నిసార్లు ఒప్పుకున్నానో దేవుడికి తెలుసు. అసలు ఇది పాపమేనా?

వశిష్ఠ_ఒడ్డు

అక్కా, ఎదురుగా లేకుండా ఎవరికీ తీర్పు చెప్పకూడదు, చెప్పను. ఆలోచించడానికి ఒకటి మాత్రం చెబుతాను.

మెలనీ క్లైన్ అనే విశ్లేషకురాలు తప్పు చేశానన్న బాధలో రెండు రకాలు చూసింది. ఒకటి నన్ను శిక్షిస్తారన్న భయం. రెండోది నేను ప్రేమించినవాళ్ళకి దెబ్బ తగిలిందే అన్న దుఃఖం. మొదటిది మనల్ని మన చుట్టూనే తిప్పుతుంది. రెండోది ఎదుటి మనిషి వైపు నడిపిస్తుంది, బాగుచేయాలనిపిస్తుంది. మీ మాటల్లో నాకు ఎక్కువగా రెండోదే వినిపిస్తోంది. దానికి పేరు దుఃఖం. దుఃఖాన్ని పాపం అని పేరు పెట్టి ఒప్పుకుంటే అది తీరదు, ఎందుకంటే క్షమించడానికి అక్కడ ఏమీ లేదు. ఏడవడానికి ఉంది. ఇద్దరూ కలిసి ఏడవడానికి ఉంది.

ఇంజనీరైన మీ బాబు కూడా ఆ రెండేళ్ళ పిల్లాణ్ణి లోపల మోస్తున్నాడేమో. ఆ కొంగు వెనక నిలబడ్డ రోజు గురించి వాడితో ఎప్పుడైనా మాట్లాడారా? క్షమించమని అడగడానికి కాదు. "ఆ రోజు నీకెలా ఉందిరా" అని అడగడానికి.

పేట_గొంతు (అమలాపురం)

అక్క రాసింది చదివి ఆగలేకపోయాను. ఇక్కడ అందరూ పాపం లోపల పుట్టింది అన్నట్టే మాట్లాడుతున్నారు. మా తాత చెప్పులు చేతిలో పట్టుకుని ఊళ్ళో నడిచాడు. నువ్వు అంటరానివాడివి, మురికివాడివి అని ఊరంతా చెప్పింది. ఆ తర్వాత మిషన్ వాళ్ళు వచ్చి బడి పెట్టారు, ఆసుపత్రి పెట్టారు, పక్కన కూర్చోబెట్టుకున్నారు. దానికి నేను చచ్చేదాకా కృతజ్ఞుణ్ణి. కానీ అదే గుడిలో "నీవు పాపివి, మురికి గుడ్డవంటివాడివి" అన్న మాట వినపడినప్పుడు మా తాత చెవికి అది ఎవరి గొంతులా వినపడి ఉంటుంది? ఊరి గొంతులానే కదా!

ఫనాన్ అనే నల్లజాతి మానసిక వైద్యుడు 1952లో రాసింది ఇదే. వలసపాలనలో నల్లవాడి మనసుకి పట్టిన జబ్బు ఒక్క వాడి కుటుంబంలో పుట్టింది కాదు, సమాజం లోపలికి ఎక్కించింది అన్నాడు. మీ సూపర్ ఈగోకి అమ్మానాన్నలే కాదు, కులం కూడా కన్నతల్లే.

అమెరికాలో వాలరీ సేవింగ్ అనే ఆవిడ 1960లో ఇంకో మాట అడిగింది. పాపం అంటే గర్వం అని క్రైస్తవ వేదాంతులు రాశారు, రాసినవాళ్ళంతా మగవాళ్ళు. తనకంటూ ఏమీ మిగుల్చుకోకుండా అందరికీ పంచేసుకునే ఆడమనిషికి ఆ లెక్క ఎలా సరిపోతుంది? రాజోలు అక్కకి "నిన్ను నువ్వు తగ్గించుకో" అని బోధించడం న్యాయమా? ఆమె ఇంకెంత తగ్గాలి?

లూథర్‌గిరి_పాతవాడు

బాబూ, నువ్వు అడిగింది నేను బోధించిన రోజుల్లో ఎవరూ నన్ను సూటిగా అడగలేదు. 1980ల్లో క్రైస్తవ వేదాంతి అరవింద్ నిర్మల్ దళిత వేదాంతం గురించి మాట్లాడినప్పుడు మేం సెమినరీవాళ్ళం వాదించుకున్నాం గానీ, అది ఎక్కువగా విమోచన గురించే. పాపం అనే బోధ ఎవరి చెవిలో ఎలా పడుతుందన్న లెక్క వేరు.

నా జవాబు ఇది. పౌలు "అందరూ పాపం చేశారు" అన్నప్పుడు అక్కడ బరువైన మాట "అందరూ". కరణం గారూ, మునసబు గారూ కూడా. ఊరి పెద్దని మీ తాతగారి పక్కన ఒకే బల్ల దగ్గర మోకరింపజేసే మాట అది. దాన్ని పేటలో మాత్రమే చెప్పి మేడల్లో చెప్పకపోతే అది సువార్త కాదు. ఊరి గొంతే, నువ్వన్నట్టు. తప్పు చేసినవాడికి పశ్చాత్తాపం, తప్పుకి గురైనవాడికి న్యాయం చెప్పాలి. ఈ రెండింటినీ కలిపేసి అందరి చేతా ఒకే ప్రార్థన చేయించడం కాపరి చేయకూడని పని.

కాకినాడ_హేతువాది

అయ్యగారూ, మీలాంటివాళ్ళు మా అమ్మ పక్కన ఉంటే బాగుండేది. అయినా నా ప్రశ్న అలాగే ఉంది. ఇన్ని జాగ్రత్తలు తీసుకుని, ఇంత వడపోసి మిగుల్చుకోవాల్సిన మతం ఎందుకు? ఫ్రాయిడ్ ఇచ్చిన మాట చిన్నది. 1895లోనే, మీ జబ్బు దుఃఖాన్ని మామూలు దుఃఖంగా మార్చగలిగితే చాలు అన్నాడు. నాకు ఆ నిజాయితీ చాలు.

వశిష్ఠ_ఒడ్డు

ఈ వాదన మీకన్నా ముందు ఇద్దరు స్నేహితుల మధ్య జరిగిందండి. ఆస్కర్ ఫిస్టర్ జూరిక్‌లో పాస్టర్, విశ్లేషకుడు కూడా. ఫ్రాయిడ్‌కీ ఆయనకీ 1909 నుంచి ఉత్తరాలు నడిచాయి. మొదట్లోనే ఫ్రాయిడ్ ఆయనకి, మనోవిశ్లేషణ దానంతటది మతానికి అనుకూలం కాదు, వ్యతిరేకం కాదు, పాస్టర్ చేతిలోనైనా పనికొచ్చే పనిముట్టు అని రాశాడు. 1918లో, భక్తుల్లో ఎవరూ దీన్ని ఎందుకు కనిపెట్టలేదు, దేవుణ్ణి నమ్మని యూదుడి కోసం ఎందుకు ఆగాల్సి వచ్చింది అని అడిగాడు. మీకన్నా మంచి క్రైస్తవుడు లేడని ఫిస్టర్ జవాబు. 1927 పుస్తకానికి ఫిస్టర్ మరుసటి ఏడాదే, ఫ్రాయిడ్ పత్రికలోనే ఎదురు వ్యాసం రాశాడు. సైన్స్ ఒక్కటే మనిషిని నడిపిస్తుందన్న నమ్మకం కూడా ఒక భ్రమే అన్నాడు. స్నేహం మాత్రం 1939లో ఫ్రాయిడ్ పోయేదాకా చెడలేదు.

1944లో అదే ఫిస్టర్ క్రైస్తవ్యం, భయం గురించి పెద్ద పుస్తకం రాశాడు. సంఘాన్ని ఆయన వదిలిపెట్టలేదు, మెచ్చుకోనూ లేదు. ఒకటో యోహాను 4లో ప్రేమ భయాన్ని వెళ్ళగొడుతుందన్న మాటని కొలబద్దగా పెట్టుకుని, ఏ బోధ భయాన్ని తగ్గించింది, ఏది పెంచింది అని సంఘ చరిత్రంతా కొలిచాడు. నేను సంఘంలో ఉండిపోవడానికి కారణం అదే. ఆ కొలబద్ద బయటి నుంచి తెచ్చింది కాదు, వాక్యంలోనే ఉంది.

ఇది చదివే కాపరులకి ఒక మనవి. ఎవరైనా అదే పాపాన్ని మళ్ళీ మళ్ళీ ఒప్పుకోవడానికి వస్తున్నారంటే, నిద్ర, తిండి, పని చెడుతున్నాయంటే, లేదా చచ్చిపోవాలని ఉందన్నారంటే, ఉపవాసం పెంచమనకండి. సైకియాట్రిస్ట్ దగ్గరికి మీరే వెంట తీసుకెళ్ళండి. ఓసీడీకి, డిప్రెషన్‌కి మందులున్నాయి, థెరపీ ఉంది. మందు వేసుకోవడం విశ్వాసలోపం కాదని ప్రసంగ పీఠం మీద నుంచే చెప్పండి.

ముమ్మిడివరం_రైతు

సముద్రం నీళ్ళు ఎక్కిన చేనుకి మంచినీళ్ళు పెట్టి కడుగుతాం, మళ్ళీ పెడతాం, మళ్ళీ తీస్తాం. ఒక్క తడితో ఉప్పు పోదు. మా అత్తకి ఇప్పుడు ఎనభై దాటాయి. లూకా 13 ఈ ఆదివారం నేనే వెళ్ళి చదివి వినిపిస్తాను. ఒక్కసారికి ఒప్పుకోదని తెలుసు.

రాజోలు_అక్క

అబ్బాయికి రాత్రి ఫోన్ చేశానండి. ఆ కారు ఇంకా అమ్మమ్మ బీరువాలో ఉందన్నాడు. వచ్చే నెల వస్తానన్నాడు. మిగతాది వచ్చాక మాట్లాడదాం అన్నాడు.

పేట_గొంతు

అయ్యగారూ, "అందరూ" అన్న మాట మీద మీరు మా గుడికి వచ్చి ఒక ఆదివారం చెప్పాలి. ఆ తర్వాత ఊళ్ళో గుడిలో కూడా చెప్పాలి. అక్కడికి నేనూ వస్తాను.